జేబులు చూడకుండా

జూన్ 4

రిజిస్టరమ్మ గారికి,

మీ వదిన ఆశీస్సులు. నువ్వు అడగలేదు, నిజమే. అయినా పంపిస్తున్నాను, ఉంచుకో, ఎప్పుడైనా పనికొస్తాయి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అని మళ్ళీ మొదలుపెట్టకు. రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నోరు విప్పని మీ అన్నయ్యకి నేను ఫోన్ ఎత్తగానే మాటలొస్తాయి. పక్కనే నిలబడి నేను చెప్పాల్సిన దాంట్లో సగం తనే చెప్పేసి, మిగతా సగం తప్పంటాడు. ఉత్తరమైతే ఆ బాధ లేదు. పైగా ఆదివారం షాపు మూసి, కౌంటరు మీద మోచేతులు ఆనించి రాస్తుంటే నాకూ నీలాగే ఒక ఆఫీసు ఉన్నట్టుంటుంది.

ఇక్కడి సంగతులు. పెద్ద మెషీను బాగుపడింది. మీ అన్నయ్య నడుంనొప్పి కూడా తగ్గింది గానీ, దాని గురించి చెప్పడం ఇంకా తగ్గలేదు. ఎదురుగా ఉన్న చెప్పుల షాపు మూసేశారు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. మూడు నెలలుగా మన లాండ్రీ మెట్ల మీద ఒక మనిషి పడుకుంటున్నాడు. అరవై ఉంటాయేమో. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి కాళ్ళకి అడ్డం. రెండు రోజులు సాయంత్రం షాపు మూసేటప్పుడు మెట్లు తడిపి వెళ్ళాను కూడా, తడిమీద ఎవరు పడుకుంటారులే అని. అట్టముక్కలు తెచ్చి పరుచుకుని పడుకున్నాడు. ఆ తర్వాత ఒకరోజు అకాల వానకి చలిగా ఉంది, బాయిలరులో వేడినీళ్ళు ఎలాగూ పారబోసేవే ఉన్నాయి, ఒక బకెట్టు బయట పెట్టాను. ముఖం, చేతులు, మెడ, అంతా ఎంత శ్రద్ధగా కడుక్కున్నాడో. ఖాళీ బకెట్టు బోర్లించి మరీ ఇచ్చాడు. అప్పట్నించి రోజూ ఒక బకెట్టు నీళ్ళు, ఒక గ్లాసు టీ. ఇల్లు లేనివాళ్ళకి ఏదో చెయ్యాలి, చెయ్యాలి అని అందరం అనుకుంటాం. ఎంత పని చెప్పు? మన చేతిలో ఉన్నది కాస్త పక్కకి జరపడమేగా.

కర్టెన్లు ఉతికించుకునే పంతులమ్మ నిన్న అది చూసి, "మీది పెద్ద మనసండీ" అంది. నిజం చెప్పొద్దూ, ఆ రోజంతా నాకు అలుపు తెలియలేదు.

వచ్చే ఆదివారం అతని బట్టలన్నీ పెద్ద మెషీనులో వేస్తాను. కోటు, దుప్పటి, అన్నీ. అవి వాసన రాని రోజు లేదు. మూడుసార్లు వద్దన్నాడు, మొహమాటం. మీ వదిన వదుల్తుందా? ఆ పూటకి మీ అన్నయ్య పాత ప్యాంటూ చొక్కా తీసిపెట్టాను.

ఇక ఉంటాను, ఇస్త్రీపెట్టె కట్టెయ్యమని లోపలినుంచి కేక వినబడుతోంది, అరిచేది మీ అన్నయ్యే, దాని పక్కనే ఉన్నదీ ఆయనే.

మీ వదిన


జూన్ 9

ఇస్త్రీ మహారాణి వారికి,

మరదలు దణ్ణాలు. ఆశీస్సులు అందాయి, బీరువాలో దాచాను.

వదినా, నీ ఉత్తరం టీ టైములో మా సెక్షనులో చదివి వినిపించాను. తిట్టకు. నీకు తెలుసుగా మా ఆఫీసు పని, ఇల్లు లేనివాళ్ళకి గదులు కేటాయించడం. రోజుకి యాభైమంది మా కిటికీ ముందు నిలబడతారు. మేం మనిషిని చూడం, కాగితం చూస్తాం. సంతకం ఉందా, సీలు ఉందా, తర్వాత రండి. నీ బకెట్టు దగ్గరికి వచ్చేసరికి టైపిస్టు కళ్ళు తుడుచుకుంది. మా హెడ్ క్లర్కు, ఎవరికీ ఒక పెన్సిలు కూడా ఇవ్వని మనిషి, ఆ ఉత్తరం టైపు చేయించి నోటీసు బోర్డు మీద పెట్టించాడు. కింద సంతకం, పక్కన నన్ను చూపించి "వీళ్ళ వదినగారే" అని అందరికీ చెబుతున్నాడు. నేను రెండు రోజులుగా కొంచెం వెనక్కి వంగి నడుస్తున్నాను, గర్వంతో.

ఒక్క మాట. మూడుసార్లు వద్దన్నారంటే మొహమాటం ఒక్కటే కాకపోవచ్చు. ఏమిటని అడుగు. ఆయన అంతకుముందు ఏం పని చేసేవారో, మీ ఊరి ఆఫీసులో గది కోసం దరఖాస్తు పెట్టుకున్నారో లేదో కూడా అడుగు. పెట్టుకోకపోతే ఎలా పెట్టాలో నేను రాస్తాను. నాకు చేతనైన పని అదొక్కటేగా.

మా ఇంటి ఓనరు మళ్ళీ గోడలకి రంగు వేయిస్తున్నాడు, ఈసారి ఆకుపచ్చ. నేను ఒక అక్వేరియంలో కాపురం చేస్తున్నట్టుంది.

అన్నయ్యని నడుం గురించి అడిగానని చెప్పు, చెప్పేదంతా వినే ఓపిక నాకు లేదని మాత్రం చెప్పకు.

నీ మరదలు


జూన్ 18

రిజిస్టరమ్మకి,

నీ ఉత్తరం అందింది. బోర్డు మీద పెట్టడమేమిటే, నాకు చెప్పకుండా? అది నీకు రాసుకున్న ఉత్తరం. తీసెయ్యమను. నిజంగా చెబుతున్నాను, తీసెయ్యి.

బట్టలు ఉతికాను. బాగానే అయింది. దుప్పటి రంగు అసలు నీలమట, ఎవరికి తెలుసు. 

ఈ వారం పని ఎక్కువ. హోటలు వాళ్ళవి రెండొందల దుప్పట్లు వచ్చాయి, అన్నీ ఒకేసారి కావాలట. మీ అన్నయ్య నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. మామూలుగా మాట్లాడడు కదా అంటావేమో, ఇది ఆ మాట్లాడకపోవడం కాదు. నడుంనొప్పి గురించి కూడా చెప్పడం లేదు, చూసుకో. ఎండలు తగ్గాయి, వాన మొదలైంది. మెట్ల దగ్గర కాలువ పొంగుతోంది.

అతను ఇప్పుడు మెట్ల మీద ఉండటం లేదు. ఎక్కడో మంచి చోటే దొరికి ఉంటుంది. వానలు కదా.

నీ గోడలకి ఆకుపచ్చ నయం. మా గోడలు ఏ రంగులో ఉన్నాయో ఈ మధ్య నేను చూడనే లేదు.

వదిన


జూన్ 24

మా వదినకి,

నేను ఎగిరి గంతేశాను. దొరికిందన్నమాట గది. నువ్వు అంత ముక్తసరిగా రాస్తే నాకు అర్థం కాదనుకున్నావా? నీ గొప్ప నువ్వు చెప్పుకోవడం ఇష్టం లేక ఒక్క వాక్యంలో తేల్చేశావు. బోర్డు మీంచి తీసెయ్యమన్నావని చెబితే హెడ్ క్లర్కు, "చూశావా, పెద్ద మనుషుల లక్షణం" అన్నాడు. తియ్యలేదు. ఇంకో నాలుగు పిన్నులు గుచ్చాడు.

ఇప్పుడు నా కథ విను. మా ఆఫీసు ఎదురుగా బస్సు స్టాపులో ఒక పెద్దావిడ ఉంటుంది, సంచి వదిలి ఎక్కడికీ కదలదు. నీ ఉత్తరం చదివాక ఒకరోజు వెళ్ళి పక్కన కూర్చున్నాను. టీ తీసుకెళ్ళాను. వద్దంది. మరేం కావాలని అడిగాను. "ఈ సంచి ఒక గంట ఎవరైనా చూస్తే ఆసుపత్రికి వెళ్ళి కట్టు మార్పించుకుంటాను" అంది. వదినా, కాలికి పుండు. సంచి ఎవరైనా ఎత్తుకుపోతారని పది రోజులుగా వెళ్ళలేదు.

నేను సంచి తీసుకుని మన షాపులో నువ్వు నేర్పినట్టే చేశాను. సెలవుల్లో నన్ను కౌంటరులో కూర్చోబెట్టి ఏం చెప్పేదానివి? ఎవరిదైనా, ఎంత మురికిదైనా, వాళ్ళ ముందే జేబులు చూడు. ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టు, చీటీ చేతికియ్యి. బట్ట గురించి నీ అభిప్రాయం ముఖంలో కనబడనియ్యకు. షాపు బయటి బోర్డు రాసింది కూడా నేనే కదా, "జేబులు చూసే ఉతుకుతాం, మీ వస్తువు మీకే" అని. అలాగే ఆవిడ ముందే సంచి విప్పి, ఏమేం ఉన్నాయో రాసి, చీటీ ఇచ్చాను. ఆవిడ ఆ చీటీని రెండు చేతులా పట్టుకుని చదివింది. టీ ఇచ్చినప్పుడు నా ముఖం చూడని మనిషి అప్పుడు చూసింది.

ఆఫీసులో నవ్వొచ్చే సంగతి ఒకటి. మొన్న ఒకాయన కేటాయింపు కాగితం తెచ్చాడు, సగం మేక తినేసిందట. మేక యజమాని చేత "అవును, మా మేకే" అని ఒక్క ముక్క రాయించుకొచ్చాడు. అంతే, పావుగంటలో కొత్త కాగితం ఇచ్చాం. ఎలా పాడైందో తెలిసినవాళ్ళు రాసిస్తే చాలు, రూలు అదే. మేక సంతకం అడగలేదని హెడ్ క్లర్కు బాధ.

అన్నయ్య ఎందుకు మాట్లాడటం లేదో రాయి. నువ్వే ఏదో అని ఉంటావు.

ఆకుపచ్చ గదిలోంచి, నీ చేప


జూలై 2

అమ్మాయీ,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. రోజూ రాద్దామని కూర్చుని, రోజూ ఏదో పని కల్పించుకుని లేచాను. ఇవాళ ఆదివారం, వంక ఏదీ మిగల్లేదు.

నేను జేబులు చూడలేదు.

ఇరవై రెండేళ్ళలో ఒక్క బట్ట జేబు చూడకుండా మెషీనులో వెయ్యలేదు నేను. మురికి పట్టిన మెకానిక్కు బట్టలు చూశాను, చంటిపిల్లలవి చూశాను, ఆసుపత్రి నుంచి వచ్చినవీ చూశాను. అతనివి మాత్రం చూడలేదు. వెనక బాత్రూములో బట్టలు మార్చుకుంటూ మూట తలుపు బయట నా ముందుకి జరిపాడు. నేను చేత్తో ముట్టుకోలేకపోయాను. పటకారుతో ఎత్తి మెషీనులో పడేశాను. చీటీ ఇవ్వలేదు. డబ్బు తీసుకోని పనికి చీటీ ఎందుకు అనుకున్నానేమో, అసలేం అనుకోలేదేమో. దయ చేస్తున్నాను కదా, ఇంకా మర్యాద కూడా ఎందుకు అన్నట్టుంది నా వరస.

కోటు లోపలి జేబులో కాగితం ఉంది. అది తెలియక కోటు ఆరబెట్టి ఇస్త్రీ చేసి, అతని చేతిలో పెట్టాను, పొంగిపోతూ. అతను కోటు వేసుకుని లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. బూడిదరంగు ముద్ద ఒకటి బయటికి వచ్చింది. దాన్ని చాలాసేపు చూశాడు. "మీరు తీసి కవర్లో పెడతారనుకున్నానమ్మా, బయట బోర్డు ఉంది కదా" అన్నాడు. అంతే. ఆ ముద్ద కౌంటరు మీద పెట్టి, "చాలా శుభ్రంగా ఉతికారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. మూడు నెలలు ఆ బోర్డు కింద పడుకున్నాడు. మనం రాసింది నమ్మాడు. ఆ తర్వాత నాకు కనబడలేదు.

మంచి చోటు దొరికి ఉంటుందని నీకు రాసింది నా నోటికొచ్చిన మాట. అది పట్టుకుని నువ్వు సంబరపడితే, కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ ముద్దని పారేద్దామంటే మీ అన్నయ్య ఇవ్వలేదు. తడిపి, విడదీసి, రెండు గుడ్డల మధ్య పెట్టి సన్న సెగ మీద ఇస్త్రీ చేశాడు. ఒక పూట పట్టింది. ఒక సీలు, చివరి నాలుగు అంకెలు కనబడుతున్నాయి, 4, 1, 7, 7. నీ మేక కథ చదివాక నాకు అది ఏ కాగితమో అర్థమైంది. మీ ఆఫీసుల కాగితమే. గది వచ్చిన కాగితం.

అతని గురించి నాకు ఏమీ తెలియదు. రోజూ టీ ఇచ్చాను, ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్వు అడగమన్న ఉత్తరం వచ్చేసరికి అడగడానికి మనిషి లేడు. ఏదైనా చెయ్యగలిగితే చెయ్యి. నన్ను తిట్టుకో, ముందు అది చెయ్యి.

వదిన


జూలై 7

వదినా,

మీ ఊరి ఆఫీసులో నాకు తెలిసినావిడ ఉంది. ఫోన్ చేశాను. ఆ నాలుగు అంకెలతో దొరికింది. ఆయన లిఫ్టు మెకానిక్కు, ముప్ఫై ఏళ్ళు చేశారు. నాలుగేళ్ళు వరసలో ఉంటే గది వచ్చింది. జూన్ 30లోపు కాగితం చూపించి తాళం తీసుకోవాలి. 30 దాటింది. గది తర్వాతివాళ్ళకి ఇచ్చేశారు.

నీకు నా ఉత్తరం బుధవారం అందింది. బుధవారం 28. ఫోన్ చేసి ఉంటే నేను పావుగంటలో చేయించేదాన్ని. ఈ మాట రాయకూడదని రెండు కాగితాలు చించాను, అయినా రాస్తున్నాను.

ఇంకొకటి. ఆవిడ రిజిస్టరులో ఉన్నది చదివింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"జూన్ 12. దరఖాస్తుదారు వచ్చారు. కాగితం లాండ్రీలో పాడైందని చెప్పారు. లాండ్రీవారి నుంచి ఒక వాక్యం రాయించుకు రమ్మన్నాము."

"జూన్ 14. దరఖాస్తుదారు మళ్ళీ వచ్చారు. రెండు రోజులూ వెళ్ళానని, లాండ్రీ యజమానురాలు షాపులో లేరని చెప్పారు."

ఆయన ఆ తర్వాత కనబడలేదని నువ్వు రాశావు. ఆ రెండు రోజులు నువ్వు షాపు వదిలి ఏ ఊరు వెళ్ళావు?

మరదలు


జూలై 16

అమ్మాయీ,

ఏ ఊరూ వెళ్ళలేదు.

సోమవారం పదకొండు గంటలకి అద్దంలోంచి చూశాను, రోడ్డు దాటి వస్తున్నాడు, ఇస్త్రీ చేసిన ఆ కోటులోనే. గొడవ పెట్టడానికి వస్తున్నాడనుకున్నాను. పంతులమ్మ కౌంటరు దగ్గరే ఉంది. ఆవిడ ముందు అతను ఆ కాగితం సంగతి చెబితే నా పెద్ద మనసు ఏం కావాలి? మీ అన్నయ్యకి లేనని చెప్పమని చేత్తో సైగ చేసి, లోపల వేలాడదీసిన బట్టల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. కవర్లు తొడిగిన సూట్లూ చీరలూ, వాటి మధ్య నేను. మీ అన్నయ్య కౌంటరులో ఎప్పుడూ అబద్ధం చెప్పి ఎరగడు. "లేదండీ" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అతను పనేమిటో చెప్పకుండానే వెళ్ళిపోయాడు. బుధవారం మళ్ళీ అంతే. ఈసారి సైగ కూడా అక్కర్లేకపోయింది. మీ అన్నయ్య నాతో ఎందుకు మాట్లాడటం లేదని అడిగావు కదా.

జేబు చూడకపోవడం నీకు రాయగలిగాను. అది తెలియక చేసిన తప్పులా చెప్పుకోవచ్చు. ఇది రాయలేకపోయాను. ఆయన నా దగ్గరికి అడుక్కోవడానికి రాలేదు, ఒక్క వాక్యం అడగడానికి వచ్చారు. నెలల తరబడి అడక్కుండానే అన్నీ పెట్టినదాన్ని, మొదటిసారి అడిగేసరికి దాక్కున్నాను.

నీ ఉత్తరం వచ్చాక షాపు మీ అన్నయ్యకి వదిలేసి నాలుగు రోజులు వెతికాను. బస్టాండు వెనక మెట్ల కింద ఉన్నారు. వానకి దుప్పటి తడిసిపోయింది, దగ్గు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అది అన్నిటికంటే కష్టంగా ఉంది, ఆ లేవడం. కాగితం నా వల్లే పాడైందని రాసి సంతకం పెట్టి తీసుకెళ్ళాను, ఇచ్చాను. తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నారు. కూర్చోమని అట్టముక్క జరిపారు.

"ఆ రోజే నన్ను తిట్టి ఉండాల్సింది. గుండీ ఊడితే అరగంట అరిచే వాళ్ళున్నారు. మీరు ఏమీ అనకుండా వెళ్ళిపోయారు" అన్నాను.

"మిమ్మల్ని తిడితే ఎలాగమ్మా? రోజూ ముఖం కడుక్కోవడానికి నీళ్ళిచ్చేవాళ్ళు. వీడు గొడవ చేసేవాడని మీ వీధిలో ఒక్క మాట పుడితే ఇంక ఏ మెట్ల మీదా పడుకోనివ్వరు" అన్నారు. కోపంగా అనలేదు. నీళ్ళు ఎన్నింటికి వస్తాయో చెప్పినట్టు చెప్పారు.

నేను ఆ నీళ్ళు పోసిన చేతులు చూసుకున్నాను. రోజూ ఆయన బకెట్టు బోర్లించి ఇస్తే మర్యాద అనుకునేదాన్ని. అది భయం.

మర్నాడు ఇద్దరం కలిసి మీవాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. దారంతా ఆయన నాకంటే ఒక అడుగు వెనకే నడిచారు. ఎంత ఆగినా ముందుకి రాలేదు. మళ్ళీ వరసలో పెట్టారు, పైన పెట్టామన్నారు గానీ ఎప్పుడని చెప్పలేదు. షాపు వెనక గది ఖాళీ చేస్తాను, వచ్చి పడుకోమన్నాను. వద్దన్నారు. ఈసారి ఎందుకని అడిగాను. "చాలమ్మా" అన్నారు. అంతకంటే చెప్పలేదు. డాక్టరు దగ్గరికి మాత్రం వచ్చారు.

నీకు తల ఎత్తి రాయలేకపోతున్నాను. 

వదిన


జూలై 23

వదినా,

నాకు ఇంకా కోపం పోలేదు. పోయినట్టు రాస్తే నువ్వు నమ్మవు కూడా.

బోర్డు మీంచి ఉత్తరం తీసేశాను. ఎందుకని అడిగాడు హెడ్ క్లర్కు. మా వదిన తీసెయ్యమందన్నాను, అది నిజమే. మిగతాది చెప్పలేదు. చెప్పాలనుకుని నోరు తెరిచాను, "వీళ్ళ వదినగారే" అన్నప్పుడు నేను ఎలా నవ్వేదాన్నో గుర్తొచ్చి మూసేశాను. కాబట్టి బట్టల వెనక నువ్వొక్కదానివే లేవు, కొంచెం జరుగు.

ఆగస్టు చివర పది గదులు ఖాళీ అవుతాయట. రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నాను. మీ ఊరి ఆవిడ నా గొంతు వింటే విసుక్కుంటోంది. విసుక్కోనీ.

ఆయన దగ్గు ఎలా ఉందో రాయి. అన్నయ్యతో నువ్వే ముందు మాట్లాడు.

మరదలు


సెప్టెంబరు 10

మరదలికి,

గది వచ్చిన సంగతి నీకు ముందే తెలుసు, నీ ఫోన్ల వల్లే వచ్చింది. మూడో అంతస్తు, ఒక కిటికీ, ఒక కుళాయి. తాళం తీసుకుని పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో ఆయన మన వీధికి రాలేదు. నేనూ వెళ్ళలేదు. వెళితే మళ్ళీ ఏదో ఒకటి చేతిలో పట్టుకుని వెళతాను, నా సంగతి నాకు తెలుసు.

నిన్న వచ్చారు. శనివారం పొద్దున, షాపు నిండా జనం. పంతులమ్మ, హోటలు మేనేజరు, ఇంకో నలుగురు. శుభ్రంగా గడ్డం గీసుకున్నారు. ఆయన్ని చూసి నేను కుర్చీ జరపబోయాను. కూర్చోలేదు. వరసలో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేదాకా ఆగి, కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి మొదలుపెట్టారు.

ఎంత తిట్టారో ఎలా రాయను? గట్టిగా కూడా తిట్టగలరు ఆ మనిషి, నాకు తెలియదు. "నాలుగేళ్ళు వరసలో నిలబడితే వచ్చిన కాగితం అమ్మా అది. మీరు చూసుకోలేదు, సరే, ఎవరైనా ఒకసారి మర్చిపోతారు. నేను ఒక్క వాక్యం అడగడానికి రెండుసార్లు వచ్చాను. మీరు లోపలే ఉన్నారు. ఆ వేలాడే బట్టల కింద మీ కాళ్ళు కనబడుతున్నాయి. రెండుసార్లూ చూశాను. ఒకసారి మీ బొటనవేలు కదిలింది కూడా. వాన మొదలైంది ఆ వారమే. డెబ్భై ఏడు రోజులు తడిసి పడుకున్నాను. ఆ రోజులు ఎవరిస్తారు నాకు?"

అందరూ వింటున్నారు. మీ అన్నయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి బల్ల దగ్గరే ఆగిపోయాడు. నా కాళ్ళు వాటంతటవే వెనక్కి, ఆ బట్టల వైపు లాగాయి. నిజంగా లాగాయి.

పంతులమ్మ ఊరుకుంటుందా? "చూశారా అండీ, ఇలాంటివాళ్ళకి సాయం చేస్తే ఇంతే. రోజూ టీ పోసిన మనిషిని పట్టుకుని ఎన్ని మాటలంటున్నాడో. మీరు ఆ రోజు షాపులోనే లేరు, నేను ఇక్కడే ఉన్నానుగా, మీవారు చెప్పారు" అంది.

అమ్మాయీ, ఆవిడ నాకు దారి చూపించింది. తల ఊపితే చాలు. ఆయన అబద్ధాలకోరు అయ్యేవారు, నేను మళ్ళీ పెద్ద మనసున్నదాన్ని అయ్యేదాన్ని.

"లేదండీ, ఆయన చెప్పింది నిజం. నేను లోపలే ఉన్నాను. మిమ్మల్ని చూసే దాక్కున్నాను, మీ ముందు చిన్నబోతానని" అన్నాను.

పంతులమ్మ తన కర్టెన్ల సంచి గుండెలకి హత్తుకుని నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకా చెప్పాల్సింది ఉందన్నారు. చెప్పమన్నాను. పటకారు సంగతి కూడా చెప్పారు, బాత్రూము తలుపు సందులోంచి చూశారట. అదీ విన్నాను. నిలబడే విన్నాను.

అంతా అయ్యాక ఆయన చేతులు కౌంటరు మీంచి తీసుకుని, వెనకున్న మేనేజరుకి దారి ఇచ్చి, వెళ్ళిపోయారు. నేను టీ అడగలేదు, ఆయనా ఆగలేదు.

సిగ్గుతో ఇవాళ్టికీ పంతులమ్మ ఇంటి వైపు నడవలేకపోతున్నాను. అయినా నీకు ఒకటి చెప్పాలి. నిన్న ఆయన నన్ను తిడుతున్నంతసేపూ నా మనసులో తిరిగింది ఒకటే మాట. ఈయనకి ఇప్పుడు నా నీళ్ళు అక్కర్లేదు.

వదిన